దారంలో వంపు

నెస్టా గాలం కోసం కట్టి ఇచ్చిన ఈగను తుదుర్ కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"లావుగా ఉందే."

"పొద్దున సన్నగా ఉందన్నావు మావయ్యా."

"పొద్దున అన్నది ఎర్రదాన్ని. ఇది నల్లది. ఈ చలికి చేప నోరు తెరవడానికే బద్ధకిస్తుంది. ఇంత ముద్దను ఎక్కడ మింగుతుంది?"

నెస్టా ఇంకో చిన్న కొక్కెం తీసి బల్లకున్న ఇనుప పట్టులో బిగించింది. నల్లదారం చుట్టి, దానిమీద వెండి తీగ వరసలుగా తిప్పి, మెడ దగ్గర నారింజరంగు చుక్క పెట్టి, పైన వార్నిష్ పూసింది. ఈగ అని పేరేగాని దానికి రెక్కలుండవు. చెరువు అడుగు బురదలోంచి మెల్లగా పైకి లేస్తూ, ఇంకా రెక్కలు రాని పురుగులా ఉంటుంది. చలికాలంలో హెలిగ్ చెరువు ట్రౌట్ చేపలకు దొరికే తిండి దాదాపు అదొక్కటే.

ఒకప్పుడు ఇవన్నీ తుదుర్ తనే కట్టుకునేవాడు. నెస్టాకు నేర్పింది కూడా అతనే. చిన్నప్పుడు బళ్ళో నోరు విప్పని పిల్లను చెరువు గట్టుకు తీసుకుపోయి, ఇక్కడ మాట్లాడకపోతేనే మంచి పిల్లంటారు అని చెప్పి గాలపు కర్ర చేతికిచ్చాడు. అలాంటి మనిషి కిందటి ఏడాది నుంచి ఈగలన్నీ ఆమె చేతే కట్టిస్తున్నాడు. అడిగితే కొత్త కళ్ళజోడు కుదరలేదంటాడు. అదే కళ్ళజోడుతో ఎదుటి కొండమీది గొర్రె ఎవరి మందదో చెప్పేస్తాడు.

ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి అతనికి ఒక్క చేపా పడలేదు. ఎండాకాలంలో ఎవరికైనా పడతాయి. పైకి ఎగిరే చేపకు ఈకముక్క చూపించినా కొరుకుతుంది. మంచు పట్టిన గట్టుమీద నిలబడి, కదలకుండా, కదపకుండా, అడుగున పడుకున్న చేపను రప్పించడంలో తుదుర్‌కు ఆ లోయలో పేరుంది. అతను చలికాలపు మనిషి. ఇప్పుడు వారం వారం ఒట్టి చేతులతో తిరిగొస్తూ తప్పంతా ఈగల మీద వేస్తున్నాడు. ముందు ఆకుపచ్చ తోక పెట్టిన నల్ల ఈగ అన్నాడు. తరవాత రబ్బరు కాళ్ళ ఎర్రపురుగు అన్నాడు. ఆ తరవాత నురగ కళ్ళున్నది, మునిగే దారానికి కట్టి వేస్తే అడుగునుంచి జానెడు పైన తేలుతూ నిలబడేది. ఒక్కటీ నచ్చలేదు.

"రేపు జంటల పోటీ" అన్నాడు, కొత్త ఈగను అరచేతిలో దొర్లిస్తూ. "రేపూ ఇంతే అయితే ఇక చలికాలం జోలికి పోను. కర్ర అటకెక్కిస్తా."

"రేపు గాలి ఎటుంటుందో."

"గాలి సంగతి కాదు నేను చెబుతున్నది."

టీ తెచ్చిన బేటి అత్తయ్య గుమ్మంలోనే ఆగింది. "అటకెక్కించాక ఆదివారాలు ఇంట్లోనే ఉంటాడట. ముందు నా వంటింటి సంగతి కనుక్కో నెస్టా. నిన్న పొయ్యిలోంచి రేకు పళ్ళెం ఒట్టి చేత్తో తీశాడు. కాలిన వాసన నాకొచ్చిందిగాని ఈయనకు తెలీనే లేదు."

"పరధ్యానంలో ఉన్నాను" అన్నాడు తుదుర్, చెయ్యి జేబులో పెట్టుకుని.

"అవును, పాపం. చేపల ధ్యానం."

నెస్టా తల ఎత్తలేదు. కిందటి ఆదివారం గట్టుమీద తనకొచ్చిన అనుమానం మళ్ళీ వచ్చి మనసులో కూర్చుంది. అతను గాలం వేసి కొండల వైపు చూస్తూ నిలబడ్డప్పుడు, నీళ్ళలోకి వేలాడుతున్న దారం ఒక్కసారి బిగిసి మళ్ళీ వదులైనట్టు కనిపించింది. అతను కదల్లేదు. గాలికి అయుంటుంది అనుకుని ఆమె ఊరుకుంది.

మరునాడు పొద్దున హెలిగ్ చెరువు అంచుల్లో పల్చటి మంచుగడ్డ పేరుకుని ఉంది. చెరువుకు పైన కొండంతా నాటిన స్ప్రూస్ చెట్లు. వాటిని వరసలుగా నరకడంలోనే తుదుర్ జీవితమంతా గడిచింది. చేతిలో మోటారు రంపం లేకుండా అతన్ని చూసిన గుర్తు నెస్టాకు ఆదివారాల్లోనే ఉంది.

జంటల పోటీ వాళ్ళ క్లబ్బులో పాత అలవాటు. జంటకు ఒక్కటే కర్ర. ఒకరు పడుతుంటే ఇంకొకరు చేతివల పట్టుకుని పక్కన నిలబడాలి. ఈల వేసినప్పుడు చోటూ మారాలి, చెయ్యీ మారాలి. చేపకు గాయం కాకుండా కొక్కేల ముల్లు నొక్కేసి ఉండాలి. పడ్డ చేపను పడ్డట్టే నీళ్ళలోకి వదిలేయాలి. బెండు కట్టకూడదు.

ఈ ఆఖరి నియమం తుదుర్ పెట్టించిందే. దారానికి రంగు బెండు కట్టి, అది మునిగినప్పుడు కర్ర ఎత్తడం కొన్నేళ్ళ కిందట అక్కడ బాగా ప్రబలింది. ఏడాది సమావేశంలో తుదుర్ లేచి, "బెండును చూస్తూ కూర్చోవాలంటే నాకు ఇంట్లో టీవీ ఉంది. చేప కొట్టింది వేలికి తెలియాలి. తెలియనివాడు ఎండాకాలంలో రావాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బెండుతో పట్టే ఎమ్లిన్ ఓడిపోయాడు. ఎమ్లిన్ క్లబ్బు కార్యదర్శి, తుదుర్‌తో కలిసి చదువుకున్నవాడు. ఆ రోజు నుంచి బెండు కట్టడం మానేశాడు, తుదుర్‌ను దెప్పడం మాత్రం మానలేదు.

టోపీలోంచి చీటీలు తీశారు. తుదుర్, నెస్టాలకు తూర్పు గట్టు వచ్చింది. పక్క చోటు ఎమ్లిన్‌ది, అతని జతగాడు గ్లిన్‌ది. గ్లిన్ ఊళ్ళో పాల వ్యాను నడుపుతాడు. నోరు ఊరుకోదు.

"ఏం తుదుర్, ఇవాళైనా చేపలకి మొహం చూపిస్తావా? లేకపోతే నిన్ను చూసే అవి దాక్కుంటున్నాయా?"

"నీ గొంతు విని దాక్కుంటున్నాయి. వ్యాను హారను అనుకుంటున్నాయి."

"అమ్మాయ్ నెస్టా, మీ మావయ్య నిద్రపోకుండా చూసుకో" అన్నాడు ఎమ్లిన్, ఈల మెడలో వేసుకుంటూ.

మొదటి వంతు తుదుర్‌ది. గాలి ఎడమ భుజం మీదుగా సన్నగా వీస్తోంది. నీటి మీద తేలే దారం, దాని కొసకు మనిషి ఎత్తుకు రెండింతలున్న సన్నదారం, దానికి నెస్టా కట్టిన నల్ల ఈగలు. విసరడంలో అతనికి ఇప్పటికీ వంక పెట్టలేం. భుజం, మోచెయ్యి వాటంతటవే పని చేస్తాయి. దారం చప్పుడు లేకుండా నీటిమీద పరుచుకుంది. ఇక చెయ్యవలసింది ఏమీ లేదు. గాలే దారాన్ని విల్లులా వంచి మెల్లగా పక్కకు జరుపుతుంది. దానితో పాటు అడుగున ఈగ, తనంతట తను నడుస్తున్నట్టు జరుగుతుంది. చెయ్యి దాన్ని లాగకూడదు. లాగితే చలికాలపు చేప వెంటపడదు, చూసి ఊరుకుంటుంది.

కొత్తవాళ్ళు చేసే తప్పు అదే. చలికి ఒళ్ళు వేడెక్కుతుందని దారం గబగబా లాగుతుంటారు. తుదుర్ ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఇప్పుడూ చెయ్యడం లేదు. చూపుడు వేలిమీద దారం ఆనించి రాయిలా నిలబడ్డాడు.

నెస్టా వల కిందపెట్టి కర్ర కొస వైపు చూసింది. కర్ర కొసకూ నీటికీ మధ్య దారం చిన్న వంపు తిరిగి వేలాడుతోంది. కొసలోని ఉంగరానికి మంచు పేరుకుని తళుక్కుమంటోంది. చేప చలికాలంలో ఈగను కొట్టదు. పీల్చి, రుచి చూసి, ఊసేస్తుంది. వేలికి అది తడిగుడ్డ తగిలినట్టు తెలుస్తుంది. కంటికి ఆ వంపు ఒక్క గడ్డిపరక మందాన బిగుస్తుంది.

వంపు బిగిసింది.

తుదుర్ కొండ వైపు చూస్తున్నాడు. వంపు మళ్ళీ వదులైంది.

ఇంకాసేపటికి ఇంకోసారి, ఈసారి దారం పక్కకు కూడా జరిగింది. గాలి అటు వీయడం లేదు. తుదుర్ వేలిమీద దారం కదలడం కూడా ఆమె చూసింది. అతని మొహంలో ఏమీ కదల్లేదు.

"ఒక్కటీ ముట్టుకోవడం లేదు" అన్నాడు అతను. "ఈగ మారుద్దాం. ఎర్రది పెడదాం."

"మావయ్యా, ఇంకాసేపు దీన్నే ఉంచు."

"ఎందుకు? నీకు చెప్పాయా చేపలు?"

ఆమె అతని చేతిని చూసింది. వేళ్ళు కొవ్వొత్తుల్లా పాలిపోయి ఉన్నాయి, మధ్య కణుపు దగ్గర గీత గీసినట్టు. రంపం పట్టిన చేతులకు ఇలా అవుతుందని ఆ లోయలో అందరికీ తెలుసు. రంపం అదురు ఏళ్ళ తరబడి వేళ్ళలో దిగి, తరవాత చలి తగిలినప్పుడల్లా నెత్తురు వెనక్కి పోతుంది. తుదుర్ దాని గురించి ఎవరైనా అడిగితే, మంచు కురిసిన రోజు కొంచెం తిమ్మిరెక్కుతుంది అంతే అనేవాడు. కొంచెం కాదని నెస్టాకు అప్పుడు అర్థమైంది. నల్లది, ఎర్రది, లావు, సన్నం అని అన్నాళ్ళూ తన చేత కట్టించినవన్నీ చేపల నోట్లోకి వెళ్ళొచ్చాయని కూడా అర్థమైంది.

దారం మళ్ళీ బిగిసింది. ఆలోచించే వ్యవధి లేదు. "ఎత్తు" అంది, పక్కనున్నవాళ్ళకు వినపడకుండా.

అతను ఎత్తాడు. కర్ర వంగింది.

చేప మంచిదే. లోతుకు ఒక పరుగు తీసి, తిరిగొచ్చి, గట్టు కింద గుండ్రంగా తిరిగింది. నెస్టా వల పట్టింది. చలికాలపు చేపలన్నిటిలాగే పొట్ట తెల్లగా, పక్కన గులాబీ చార. ఆమె కొక్కెం తీసి దాన్ని నీళ్ళలోకి వదిలేసింది.

"అయిందిరా గ్లిన్" అని ఎమ్లిన్ గొంతు వినిపించింది. "తుదుర్ లేచాడు."

తుదుర్ దారం తుడుచుకుంటూ, "నేను చూశాను దాన్ని. ఎత్తబోతుంటే నువ్వు అన్నావు" అన్నాడు.

"సరే మావయ్యా."

రెండోసారి ఆమె మాట అనలేదు. గట్టుమీద కాళ్ళ కింద పరిచిన చెక్కను బూటుతో చిన్నగా తన్నింది. అతను ఎత్తాడు, ఆలస్యమైంది, చేప తగిలి ఊడిపోయింది. అప్పుడు అతను కర్ర దించి ఆమె వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"నాకు గంట కట్టి తోలుకెళ్తావా? గుడ్డివాడి పక్కన కుక్కలా నిలబడతానంటావా?"

గట్టుమీద మాట్లాడకపోతే మంచి పిల్ల అన్న మనిషి ముందు నెస్టాకు మాటలెప్పుడూ ఆలస్యంగానే వస్తాయి. ఈలోగా ఈల వినిపించింది.

చోటు మారారు. కర్ర ఆమె చేతికి వచ్చింది. అదే ఈగ. వేలిమీద దారం ఎంత చల్లగా ఉందో, అంత చలిలోనూ చేప ముట్టుకున్నప్పుడు వేలికి ఎంత స్పష్టంగా తెలుస్తుందో ఆమెకు ఆ రోజు తెలిసినట్టు ఎప్పుడూ తెలియలేదు. రెండు పట్టింది. ప్రతిసారీ వల పట్టుకున్న మావయ్య మొహంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు. అతను వల ముంచాడు, ఎత్తాడు. చేప బరువు భుజానికి తెలుస్తుంది కాబట్టి ఆ పనిలో ఇబ్బంది లేదు.

మధ్యాహ్నం అందరూ గట్టుమీది చెక్క గుడిసెలో పొయ్యి చుట్టూ చేరారు. ఎమ్లిన్ పెద్ద గిన్నెతో గొర్రెమాంసం, లావు ఉల్లికాడలు, దుంపలు వేసి కాచిన కౌల్ సూపు తెచ్చాడు. రొట్టె, జున్ను ముక్కలు చేతులు మారాయి. తుదుర్ కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు, అందరూ సగం తాగేసినా చెంచా ముట్టుకోకుండా.

"తాగరా, చల్లారిపోతుంది" అన్నాడు గ్లిన్. "లేకపోతే చేప కోసం చూసినట్టు దానికోసం కూడా కాచుకుని కూర్చుంటావా?"

తుదుర్ చెంచా తీసుకున్నాడు. అది వేళ్ళ మధ్యనుంచి జారి నేలమీద పడింది. వంగి తీసుకోబోయాడు. మళ్ళీ జారింది. గ్లిన్ నవ్వబోయి ఆగిపోయాడు.

ఎమ్లిన్ వంగి చెంచా తీసి, చొక్కా అంచుతో తుడిచి కప్పులో వేశాడు. దెప్పినా బాగుండేది. "చలికాలం కుర్రాళ్ళకి వదిలేద్దాంరా తుదుర్" అన్నాడు మెత్తగా. "ఏప్రిల్లో రా. ఎండలో కూర్చుని పడదాం. మనకేం పోయింది."

"నువ్వు వదిలెయ్. నా సంగతి నాకు తెలుసు."

"తెలుసనుకో. నేనేదో మాటవరసకి."

తుదుర్ కప్పు ఎత్తి, చెంచా లేకుండానే తాగి, లేచి బయటికి వెళ్ళాడు. నెస్టా కూడా వెళ్ళింది. అతను నీటి అంచున నిలబడి వేళ్ళను చంకల్లో పెట్టుకుని ఉన్నాడు. ఎండ కొంచెం తేరుకుంది. నీటిమీద అక్కడక్కడా సన్నటి దోమల్లాంటి పురుగులు లేస్తున్నాయి. పగటి వేడి అంతా కలిపి గంటసేపు ఉంటుంది, చేపలకు ఆకలేసే సమయం అదే.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ఇవాళే. పోయిన ఆదివారం అనుమానం వచ్చింది."

"మరి నిన్నంతా నల్లది కట్టు, ఎర్రది కట్టు అని నీ ప్రాణం తీస్తుంటే ఊరుకున్నావేం?"

"నువ్వు కట్టమన్నావు కదా."

అతనికి నవ్వొచ్చింది. అది ఎక్కువసేపు నిలవలేదు. "ముందు చూపుడు వేలు పోయింది. పక్క వేలిమీద పెట్టుకుని పట్టాను. అదీ పోయింది. దారం చేతిలో ఉందో లేదో చూసి తెలుసుకోవాల్సి వస్తోంది. ఈగ బాగాలేదు అనుకుంటే ఇంకో ఈగ ఉంటుంది. వేలు బాగాలేదు అనుకుంటే ఏముంటుంది చెప్పు."

"దారం వంపు చూసి పట్టొచ్చుగా మావయ్యా. నాకు నేర్పింది నువ్వే."

"ఈ కళ్ళజోడులో పైన దూరానికి ఒక అద్దం, కింద దగ్గరికి ఒక అద్దం. కర్ర కొస ఆ రెంటి మధ్య గీతలో పడుతుంది. కొండమీది గొర్రె కనిపిస్తుంది, చేతిలో కొక్కెం కనిపిస్తుంది, కావలసింది మాత్రం కనపడదు."

"బెండయితే కనపడుతుంది" అంది నెస్టా. పోటీలో వద్దు, మామూలు రోజుల్లో కట్టుకోవచ్చు కదా అని ఆమె ఉద్దేశం.

అతను ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు. "ఆ మాట నేను అందరి ముందూ లేచి అన్నాను. ఇప్పుడు నా కోసం నేనే బెండు కట్టుకుని కూర్చుంటే ఆ రోజు ఎమ్లిన్‌ని అన్నదానికి అర్థం ఏముంది? వాడు ఆ రోజే మానేశాడు, చూశావా. ఒక్కసారి కూడా దొంగతనంగా కట్టలేదు."

ఈల వినిపించింది. ఆఖరి వంతు. గట్టు మలుపులో, చెరువు బాగా లోతుగా ఉండే చోటు వాళ్ళది. ఎదురుగా ఎమ్లిన్, గ్లిన్. మధ్యలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గాలి దాదాపు పడిపోయింది.

నెస్టా ఈగల పెట్టె తెరిచి పట్టుకుంది. నురగ కళ్ళవి, ఎర్రవి, ఆకుపచ్చ తోకలవి, నిన్న పొద్దంతా కట్టినవన్నీ వరసగా ఉన్నాయి. తుదుర్ వాటివైపు చూసి మూత వేశాడు.

"మార్చవా?"

"ఈగ తప్పేం లేదు."

అతను దారం విసిరాడు. కర్ర కొంచెం ఎత్తి పట్టుకున్నాడు, వంపు ఆమెకు బాగా కనపడేలా. చూపుడు వేలిమీద దారం పెట్టుకోలేదు. గుప్పిట్లో పట్టుకున్నాడు.

"నెస్టా."

"ఆఁ మావయ్యా."

"బూటుతో తన్నకు. గుసగుసలాడకు. వంపు కదిలిందంటే గట్టిగా చెప్పు."

"అందరికీ వినపడుతుంది."

"వినపడనీ. చెప్పు."

దుకాణంలో నాలుగో మనిషి వెనక నిలబడి తన వంతు వచ్చినా అడగలేక ఇంటికి వచ్చేసే పిల్ల ఆమె. ఇక్కడ చెరువు చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. మాట్లాడితే ఎదుటి గట్టుమీద ఉన్నవాడికి పక్కన నిలబడి చెప్పినట్టు వినిపిస్తుంది. దారం వంపు చూస్తూ నిలబడింది. వంపు బిగిసింది. నోరు తెరిచింది, మాట రాలేదు. వంపు వదులైపోయింది.

"ఏమైనా అయిందా?"

"అయింది. నేను చెప్పలేదు."

"పర్లేదు. మళ్ళీ వస్తుంది."

మళ్ళీ రావడానికి చాలాసేపు పట్టింది. ఈసారి ఆమె అరిచింది. "ఎత్తు" అన్న మాట నీళ్ళమీదుగా పోయి స్ప్రూస్ చెట్లకు తగిలి వెనక్కి వచ్చింది. గట్లమీది తలలన్నీ ఇటు తిరిగాయి. తుదుర్ ఎత్తాడు. ఖాళీ దారం లేచింది.

"ఆలస్యం" అన్నాడు.

"బిగిసిన వెంటనే చెప్పాను."

"నువ్వు చూడాలి, అనాలి, నేను వినాలి, ఎత్తాలి. అంతలో అది ఊసేస్తుంది. బిగిసేదాకా ఆగకు. వంపు గాలికి ఊగుతూ ఉంటుంది చూడు. ఊగడం ఆగిందంటే చెప్పు. బిగవడానికి ముందు ఆగుతుంది."

ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. వేలికి తెలిసేవాళ్ళకు అక్కర్లేదు.

"ఏం తుదుర్" అని గ్లిన్ ఎదుటి గట్టునుంచి కేకేశాడు. "ఇప్పుడు చెవులతో పడుతున్నావా చేపలు?"

చెరువంతా ఆ జవాబు కోసం ఆగినట్టు అనిపించింది నెస్టాకు. తుదుర్ కర్ర మీదనుంచి చూపు తిప్పలేదు. "వేళ్ళు పోయాయి గ్లిన్" అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు. "చలికాలమంతా దారం తెలియడం లేదు. చెవులు ఇంకా ఉన్నాయి."

గ్లిన్‌కు మాట దొరక్కపోవడం అక్కడ ఎవరూ చూసి ఉండరు.

"ఎమ్లిన్" అని దూరంగా ఇంకెవరో పిలిచారు. "జతగాళ్ళు అలా చెప్పొచ్చా? నియమం ఏముంది?"

ఎమ్లిన్ దారం చుట్టుకుంటూ ఆలోచించాడు. "జతగాడు కర్ర ముట్టుకోకూడదని ఉంది" అన్నాడు. "నోటి సంగతి ఎక్కడా లేదు. ఉంటే గ్లిన్‌ని ఎప్పుడో తీసేసేవాళ్ళం."

నవ్వులు గట్టు చుట్టూ తిరిగాయి. తుదుర్ నవ్వలేదుగాని భుజాలు కిందికి దిగాయి.

నెస్టా మళ్ళీ వంపు మీద కళ్ళు పెట్టింది. వంపు ఊగుతోంది. పల్చటి గాలికి, ఊపిరి తీసినట్టు, అటూ ఇటూ. ఎండ కొండ అంచుకు దిగుతోంది. ఊగుతోంది. ఆగింది.

"ఎత్తు."

కర్ర సగానికి వంగింది. ఈసారి చేప లోతుకే పోయింది. కర్రకున్న దారపు రీలు తిరుగుతున్న చప్పుడు తుదుర్‌కు వినిపిస్తోంది, వేళ్ళకు తెలియకపోయినా. అరచేతి మొదలుతో దాన్ని అదిమి, వదిలి, అదిమి దగ్గరికి తెచ్చాడు. నెస్టా వల ముంచేసరికి దాని వీపు నల్లగా, వెడల్పుగా, ఆ రోజు ఎవరూ చూపించనంత పెద్దగా ఉంది. కొక్కెం పైపెదవి అంచున ఉంది. వలలోనే ఊడి వచ్చింది.

"నేను వదులుతాను" అన్నాడు.

గట్టు చెక్కమీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు రెండూ నీళ్ళలో పెట్టి, చేపను పొట్ట కింద ఆనించి పట్టుకున్నాడు. చలికాలంలో అలసిన చేపను వెంటనే వదలకూడదు. అది తేరుకునేదాకా తల ముందుకు పెట్టి నిలబెట్టాలి. తనంతట తను పోవాలి. నెస్టా పక్కన కూర్చుంది. అతని వేళ్ళకూ చేప పొట్టకూ రంగులో తేడా లేదు.

"ఎలా ఉంది?"

"మొప్పలు ఆడుతున్నాయి. తోక ఇంకా కదపడం లేదు."

"కదుపుతుంది. తొందరలేదు." అతను తల ఎత్తి చెరువు దక్షిణపు వైపు చూశాడు. "వచ్చే ఆదివారం ఆ గట్టు మనకొస్తే గాలి ఎదురుగా ఉంటుంది. దారం వంపు నీవైపు పడదు. నువ్వు నాకు ఎడమపక్క నిలబడాలి, కొంచెం వెనగ్గా. ఎండ కళ్ళలో పడకుండా టోపీ తెచ్చుకో. ఇంకో మాట, నీ గొంతు మొదట్లో సన్నగా వస్తోంది. ఛాతీలోంచి చెప్పు."

చేప ఒకసారి తోక ఆడించి, ముందుకు జరిగి, నీటి రంగులో కలిసిపోయింది. అతని చేతులు నీళ్ళ కింద అలాగే, ఏదో పట్టుకున్నట్టు ఉన్నాయి.

"ఈగ మాత్రం ఇదే" అంటున్నాడు. "ఇంకో నాలుగు కట్టు. ఇంతే లావు. వెండితీగ కొంచెం దగ్గరగా చుట్టు. చీకటి రోజుల్లో మెరవాలి కదా."

"చుడతాను."

"ఇంకా తేరుకోలేదా ఇది?"

అతను మాట పూర్తి చేసేదాకా ఆగి, నెస్టా అతని మణికట్టు పట్టుకుని చేతులు మెల్లగా నీళ్ళలోంచి పైకి తీసింది.

"వెళ్ళిపోయింది మావయ్యా" అంది. "ఇందాకే."